డకోటా విమానం రాదు, ఓర్ఫియస్ ఇంజిన్ ఉంది: బెంగళూరులో ఒక రీయూనియన్ పనుల డైరీ

అక్టోబరు, మొదటి వారం

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు. 1963లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరిన యుద్ధవిమానం, ఇన్నేళ్లకు దిగిపోయింది. టీవీలో అది చూసిన రాత్రే మామయ్యావాళ్ల వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. జాలహళ్లి, విద్యారణ్యపుర, విభూతిపుర, మారతహళ్లి చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు మాజీ ఎయిర్‌మెన్ల గ్రూపు అది. హిందూపురం, అనంతపురం, మదనపల్లె వైపువాళ్లే ఎక్కువ, గోదావరి జిల్లాలవాళ్లు కొందరు. పైలట్ ఒక్కడూ లేడు. అందరూ నేలమీద పనిచేసినవాళ్లే: ఇంజిన్ ఫిట్టర్లు, విమానం ఒళ్లు చూసే ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్లు, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంట్, ఆయుధాలు చూసే ఆర్మమెంట్.

"మిగ్గుకి అంత చేసినారు గదా, మన నాట్‌కి, మారుత్‌కి ఎవురు చేసినారబ్బా?" అని ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు. రెండూ పాత జెట్ యుద్ధవిమానాలే. తెల్లారేసరికి ఫిబ్రవరిలో రీయూనియన్ అని ఖాయమైపోయింది. ఉత్త భోజనాల రీయూనియన్ కాదట, పాత విమానాలన్నీ ఒకచోట చేరాలట. గ్రూపులో ఎక్సెల్ షీట్ చేసిపెట్టే మేనల్లుడు ఉన్నది మా మామయ్యకే కాబట్టి పని నా నెత్తిన పడింది. మామయ్య వారంట్ ఆఫీసర్‌గా రిటైరైన ఇంజిన్ ఫిట్టరు. "నువ్వు మెకానికలే గదా అల్లుడూ, పట్టుకో" అన్నాడు, అంతే.

అక్టోబరు, ఎయిర్‌ఫోర్స్ డే తరవాత

కోరికల పట్టికలో అన్నిటికంటే పైన ఉన్నది డకోటా అనే పాత రవాణా విమానం. 'పరశురామ' అని పేరు, వీపీ905 నంబరు. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు జవాన్లను శ్రీనగర్‌లో దింపిన డకోటా నంబరు అది. ఇప్పటి విమానానికి ఆ నంబరు మళ్లీ పెట్టారు. రాజీవ్ చంద్రశేఖర్ బ్రిటన్‌లో బాగుచేయించి ఎయిర్‌ఫోర్స్‌కు బహుమతిగా ఇచ్చిన విమానం. ఆయన తండ్రి ఎయిర్ కమడోర్ ఎం.కె. చంద్రశేఖర్ డకోటా పైలట్. 2018లో ఎగురుకుంటూనే మన దేశానికి వచ్చింది. దాని తోడు ఎయిర్‌ఫోర్స్ పాత విమానాల దళం వింటేజ్ ఫ్లైట్‌లో టైగర్ మాత్, హార్వర్డ్ అనే శిక్షణ విమానాలు ఉన్నాయి కదా, అవీ వస్తే బాగుంటుందని గ్రూపు ఆశ.

నేను కాగితం మీద పెట్టి చూశాను. విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్ కంపెనీ ఎయిర్‌పోర్టులో 2008 మేలో దేవనహళ్లి ఎయిర్‌పోర్టు మొదలైన దగ్గర్నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు లేవు గానీ టెస్టు ఫ్లయిట్లకు రన్‌వే బిజీగానే ఉంటుంది. యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగేది ఏడాది విడిచి ఏడాది. 2025 ఫిబ్రవరిలో అయిపోయింది కాబట్టి 2026లో దాని పక్కన చేరే వీలు లేదు. ఎయిర్‌ఫోర్స్ వింటేజ్ విమానాలు ఎక్కడ ఎగరాలో నిర్ణయించేది ఎయిర్‌ఫోర్సే. రిజిస్ట్రేషన్ కూడా లేని మన గ్రూపు పేరు మీద ఉత్తరం రాస్తే ఆ కాగితం ఏ టేబుల్ మీద ఆగుతుందో మామయ్యకే బాగా తెలుసు.

ఇంకో సంగతి కూడా ఉంది. డకోటాది పద్నాలుగు సిలిండర్లని చుట్టూ వృత్తంలా అమర్చిన రేడియల్ ఇంజిన్, పేరు ట్విన్ వాస్ప్. రాత్రంతా నిలబెడితే ఆయిల్ జారి కింది సిలిండర్లలో చేరుతుంది. పొద్దున్నే స్టార్టర్ నొక్కేముందు ప్రొపెల్లర్ బ్లేడుని చేత్తో నెడుతూ తిప్పాలి, ఎక్కడైనా బిగుసుకుందంటే ఆ సిలిండర్ ప్లగ్ ఊడదీసి ఆయిల్ బయటికి వదలాలి. అది పట్టించుకోకుండా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తాగేది ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలు, జెట్ విమానాలకు పోసే కిరోసిన్ జాతి ఇంధనం దానికి పనికిరాదు. అంటే విమానంతోపాటు మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కదలాలి.

ఇదంతా కాల్‌లో చదివి వినిపించాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఆర్మమెంట్ ఫిట్టరుగారు తేల్చేశారు: "ఒక్క నిమిషం పైనుంచి పోతుంది. మనలో సగంమందికి తలెత్తి చూస్తే కళ్లు తిరుగుతాయి. వద్దులే." డకోటా అలా పట్టికలోంచి దిగిపోయింది. నాకు ప్రాణం కుదుటపడింది, దాచడమెందుకు.

అక్టోబరు చివర

ఎగిరేవి రాకపోతే నిలబడి ఉన్నవాటి దగ్గరికి మనమే పోదాం అని కొత్త లెక్క. మామయ్యా నేనూ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు దాటి హెచ్ఏఎల్ హెరిటేజ్ సెంటర్‌కి పోయాం. 2001లో పెట్టిన మ్యూజియం. బయట చెట్ల కింద మారుత్, అజీత్, శిక్షణ జెట్ కిరణ్, మిగ్-21 అన్నీ నిలబెట్టి ఉన్నాయి.

దారిలో సురంజన్ దాస్ రోడ్డు బోర్డు కనిపించగానే మామయ్య కారు నెమ్మది చేయించాడు. 1961 జూన్ 17న మారుత్‌ని మొదటిసారి ఎగిరించింది ఆయనే, 1970 జనవరిలో పోయింది కూడా మారుత్ ప్రమాదంలోనే. ఆ రోడ్డు మీద రోజూ ఆఫీసు క్యాబుల్లో తిరిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో ఆ పేరు ఎవరిదో. నాకే తెలియదు, నిన్నటిదాకా.

మారుత్ దగ్గర మామయ్య ముందువైపు ఆగనే లేదు. తిన్నగా వెనక్కి పోయి రెండు జెట్ పైపుల్లోకి తొంగిచూశాడు. "పైలట్లు ముక్కు దగ్గర ఫొటో దిగుతారు, మేము ఇక్కడ" అన్నాడు. జర్మన్ డిజైనర్ కర్ట్ టాంక్ దాన్ని ధ్వనికి మించిన వేగం కోసమే గీశాడు. కావలసిన ఇంజిన్, ఆఫ్టర్‌బర్నర్ (వెనక అదనంగా ఇంధనం మండించి తోపు పెంచేది) ఉన్న ఓర్ఫియస్ 12, దొరకలేదు. దానికి పెట్టాల్సిన డబ్బు మనవాళ్లు పెట్టలేదు. చేతిలో ఉన్న ఓర్ఫియస్ 703లు రెండు పెట్టి లాగించారు. అలాగే 147 మారుత్‌లు తయారయ్యాయి, అలాగే 1971లో రాజస్థాన్ సరిహద్దులో యుద్ధం చేశాయి. "ఇంజిన్ చిన్నది, పేరు పెద్దది" అని మామయ్య నవ్వాడు గానీ గొంతులో ఇంకా కోపం ఉంది.

అక్కడినుంచి అజీత్ దగ్గరికి, కిరణ్ దగ్గరికి నడిచాం. నాట్‌నే మెరుగుపరిచి రెక్కల్లో కూడా ఇంధనం పట్టేలా చేసినది అజీత్. మూడూ చూసి బెంచీ మీద కూచున్నాక మామయ్య మాటవరసకి అన్నాడు: "మూడింట్లోనూ మన ఓర్ఫియస్సే గదా. కిరణ్ మార్క్ వన్‌కి ఒక్కదానికే వైపర్ ఇంజిన్, మార్క్ టూ మళ్లీ మనదే."

అప్పటిదాకా నా షీట్‌లో కాలమ్‌లు విమానం పేరు మీద ఉన్నాయి. ఆ రాత్రి ఇంజిన్ అని ఇంకో కాలమ్ చేర్చాను.

నవంబరు

ఫోన్లు చేసి ఒక్కొక్కరి చరిత్ర నింపుతున్నాను: ట్రేడు, స్క్వాడ్రన్, ఏ ఊరు, ఏ విమానం, ఎప్పుడు. ముసలివాళ్లకి ఫోన్‌లో ప్రశ్నలు వేయడం అంత తేలిక పని కాదు. జెట్ల పక్కన నిలబడిన చెవులు అందరివీ పోయాయి. నేను "స్క్వాడ్రన్" అంటే "సాంబ్రాణా?" అన్నారొకరు. సాయంత్రం ఆరు తరవాత చేస్తే సీరియల్, మధ్యాహ్నం చేస్తే కునుకు. పదకొండు గంటలకి కాఫీ తాగాక చేస్తే మాత్రం ఆపడం నా వల్ల కాదు.

షీట్ నిండేకొద్దీ ఇంజిన్ కాలమ్‌లో ఒకే పేరు బారులు తీరింది. నాట్ మీద చేసినవాళ్లది ఓర్ఫియస్ 701. మారుత్‌వాళ్లది 703. బీదర్‌లో, హకీంపేటలో కిరణ్ మార్క్ టూ చూసినవాళ్లదీ ఓర్ఫియస్సే. ఇక రాజమహేంద్రవరంలో ఉన్న ఒక పెద్దాయన చేసింది ప్యాకెట్ అనే రవాణా విమానం మీద, అది పిస్టన్ ఇంజిన్లది కదా, ఈయన ఒక్కరూ మన లెక్కలో రారనుకున్నాను. "రాకేం బాబూ, మా ప్యాకెట్ నెత్తిన పెట్టింది ఏంటనుకున్నావ్?" అన్నారు. నిజమే: ఎత్తయిన చోట్ల రన్‌వేల మీదనుంచి బరువుతో లేవడానికి సీ-119 ప్యాకెట్ల వీపు మీద ఒక జెట్ ఇంజిన్ అదనంగా బిగించారు. అదీ ఓర్ఫియస్సే.

ఇంకా కదిపితే ఇంకో కొమ్మ. బ్రిస్టల్ కంపెనీలో స్టాన్లీ హుకర్ బృందం చేసిన ఈ ఇంజిన్ ఆధారంగానే పెగాసస్ పుట్టింది, హారియర్ యుద్ధవిమానాన్ని నిలువుగా లేపిన ఇంజిన్. గోవాలో 2016 దాకా మన నేవీ నడిపిన సీ హారియర్లలో ఉన్నది అదే. గ్రూపులో ఒకరి తమ్ముడు నేవీలో హారియర్ల మీద చేశారు. ఆయన్నీ పిలవాలా అని ఓటింగ్ పెట్టారు. ఎయిర్‌ఫోర్స్ రీయూనియన్‌కి నేవీవాడా అని ఇద్దరు అలిగారు గానీ, మెజారిటీ పిలవమనే.

హెచ్ఏఎల్ ఇంజిన్ డివిజన్ 1957లో పెట్టిందే ఈ ఓర్ఫియస్‌ని లైసెన్సు మీద ఇక్కడే తయారు చేయడానికి. అంటే ఈ నలభైమంది చేతుల్లో పడిన ఇంజిన్లు బెంగళూరువే. ఇక కార్యక్రమానికి కేంద్రం ఏదో నాకు అనుమానం లేదు. విమానాలు మ్యూజియంలో చూస్తాం, మనుషులు కూడేది మాత్రం ఇంజిన్ చుట్టూ. అయితే మ్యూజియంలో తాకనివ్వరు. వీళ్లకు చూడటంతో పని జరగదు, తాకాలి.

డిసెంబరు

ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఏరోనాటికల్ ల్యాబ్‌లో సగానికి కోసి లోపల కనిపించేలా స్టాండుకి ఎక్కించిన ఓర్ఫియస్ ఉంది. నా పాత క్లాస్‌మేట్ అక్కడ పాఠం చెబుతాడు, అలా తెలిసింది. హెచ్‌ఓడీ మేడమ్ ఒక్క షరతు పెట్టారు: మీవాళ్లు వచ్చిన రోజు మా పిల్లలకు దాన్ని విప్పి చెప్పాలి. అది షరతా! మావాళ్లని ఆపమని షరతు పెట్టి ఉంటే కష్టమయ్యేది.

ముందుగా శుభ్రం చేయాలని మామయ్య, ఇంకో ఇద్దరు ఇంజిన్ ఫిట్టర్లు బయల్దేరారు. నేను బ్రష్షులు, కిరోసిన్, పాత బనియన్ గుడ్డలు మోశాను. ఇంజిన్ మీద దుమ్ము ఒక పొర, ఎవరో విద్యార్థి చాక్‌పీస్‌తో రాసిన ప్రేమ సంగతులు ఇంకో పొర. ముగ్గురూ కాసేపు దాని చుట్టూ తిరిగారు, ఏమీ ముట్టుకోకుండా. తరవాత మామయ్య ఎయిర్ వచ్చే వైపు కూచుని గాలిని నొక్కే కంప్రెసర్ మొదటి వరస బ్లేడు అంచు మీద బొటనవేలి గోరు పెట్టి వేరునుంచి కొసదాకా నెమ్మదిగా లాగాడు. తరవాత బ్లేడు. ఆ తరవాతది. ఒకచోట గోరు ఆగింది. "ఇదిగో, నిక్కు. రాయి మింగింది" అన్నాడు. నేను కళ్లద్దాలు పెట్టుకుని చూసినా ఆ గంటు కనపడలేదు. నా గోరుతో లాగితే తెలిసింది, బియ్యపు గింజలో సగం కూడా ఉండదు. రన్‌వే మీద పడిన బోల్టు, గులకరాయి, ఏదైనా లోపలికి పోతే ఇక్కడే మొదట గుర్తు పడుతుంది. అలాంటి గంటునుంచి పగులు మొదలై గాలిలో బ్లేడు తెగితే ఒకే ఇంజిన్ ఉన్న నాట్‌లో పైలట్‌కి మిగిలేది ఎజెక్షన్ సీటే. అందుకే పొద్దున్నే అందరూ వరసగా నిలబడి తారు నేలంతా ఏరుతూ నడిచేవాళ్లట.

కోసిన వైపునుంచి షాఫ్ట్ బాగా కనిపిస్తుంది. లావుగా ఉంటుంది, లోపల డొల్ల, గోడ పలచన. ఏడు వరసల కంప్రెసర్‌నీ ఒక్క టర్బైన్ చక్రాన్నీ కలిపేది అదొక్కటే. సన్నగా, లోపల నిండుగా చేసి ఉంటే ఊగకుండా మధ్యలో ఇంకో బేరింగ్ కావాలి. వ్యాసం పెంచి డొల్లగా చేయడంతో రెండు బేరింగులతో సరిపోయింది. మెకానికల్ చదివిన నాకు ఇది పరీక్షలో రాసిన సంగతే. కళ్లముందు పెట్టి చూపించినవాడు డిగ్రీ లేని మా మామయ్య.

సాయంత్రానికి చుట్టూ ఏడు దహన గొట్టాలు మెరిశాయి. చేత్తో తిప్పితే షాఫ్ట్ తిరిగింది, టర్బైన్ బ్లేడులు మొదళ్ల దగ్గర వదులుగా ఉండటంతో టకటకమన్నాయి. ల్యాబ్ అసిస్టెంట్ కంగారుపడ్డాడు, ఊడిపోతాయేమోనని. "అట్లే ఉండాల. వేగంగా తిరిగితే బిగుస్తాయి" అని ముగ్గురూ ఒకేసారి చెప్పారు, గట్టిగా, పక్క క్లాసువాళ్లు వచ్చి చూసేంత గట్టిగా.

ల్యాబ్ మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. దీనికి దారి చూడాలి.

జనవరి, సంక్రాంతి వారం

విమానం ఎంత ఉండేదో మనవళ్లకు చూపించాలని ఎయిర్‌ఫ్రేమ్‌వాళ్ల కోరిక. ప్లైవుడ్ మోడల్‌కి రేటు అడిగితే గుండె ఆగింది. నేలమీద టేపు అంటించి అసలు కొలతలో ఆకారం గీద్దామని గ్రాఫ్ కాగితం మీద నాట్ పైచూపు వేసుకుని కూచున్నాను, మీటరుకో గడి. అత్తయ్య కాఫీ ఇస్తూ చూసి, "చుక్కలు పెట్టుకుని ఇంత అవస్థ దేనికి? తొమ్మిది చుక్కలు, ఏడు వరసలు. ముగ్గేస్తే పోలా" అంది.

నాట్ పొడవు 8.74 మీటర్లు, రెక్కల కొసనుంచి కొసకి 6.73. తొమ్మిది, ఏడు. దాదాపు సరిపోయింది. భోగినాడు తెల్లవారుజామున ఇంటిముందు రోడ్డు మీద నూలుతాడు పట్టి మధ్యగీత నేను కొట్టాను, చుక్కలు అత్తయ్య, పక్కింటి కన్నడ ఆంటీ పెట్టారు. రెక్కలు వెనక్కి వాలే దగ్గర ఆంటీ అందంగా వంపు తిప్పబోతే మామయ్య గుమ్మంలోంచి "వంకర వద్దమ్మా, తిన్నగా!" అని కేకలు. ఏడింటికల్లా జాలహళ్లి వీధిలో నాట్ నిలిచింది. దాని కాక్‌పిట్‌లో గొబ్బెమ్మ.

మారుత్‌కి పదహారు చుక్కలు, తొమ్మిది వరసలు. మా వీధి ముప్పై అడుగులది, అంటే తొమ్మిది మీటర్ల చిల్లర. అత్తయ్య మర్నాడు అదీ వేసింది: ఒక రెక్క కొస ఈ మోరీ అంచుకి, ఇంకో కొస ఆ మోరీ అంచుకి. స్కూటర్లవాళ్లు పక్కనుంచి పోలేక రెక్కమీదుగానే పోయారు. డకోటాకి ఇరవై, ఇరవైతొమ్మిది కావాలి. అడిగితే అత్తయ్య చూపుతోనే జవాబిచ్చింది.

వీధిలో నాట్ ముగ్గు చూడటానికి విద్యారణ్యపురనుంచి ఎనభై దాటిన ఆర్మమెంట్ ఫిట్టరుగారు ఆటోలో వచ్చారు. చేతికర్రతో గాలి పీల్చే ఇన్‌టేక్ పక్కన తట్టి "గన్ ఇక్కడ, ఇంకోటి అవతల. ముప్పై మిల్లీమీటర్ ఏడెన్" అన్నారు. నాట్ గన్నులు జామ్ అవుతాయన్న పేరు 1965 నుంచే ఉంది. ఆయన దాన్ని ఇప్పటికీ సొంత నింద లాగే తీసుకుంటారు. తూటాల బెల్టు ఎలా పేర్చాలో, ఎక్కడ మెలిపడితే ఇరుక్కుంటుందో కర్రతో ముగ్గుమీద గీసి చూపించారు, ముగ్గు చెరిగిపోయేదాకా. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగారు ఊరుకుంటారా, చక్రాల తలుపుల దగ్గర నిలబడి, నాట్‌కి వేరే ఎయిర్‌బ్రేకులు లేవనీ చక్రాలే కాస్త దించి వేగం తగ్గించేవాళ్లనీ మా పక్కింటి పిల్లాడికి వివరించారు. పిల్లాడు సైకిల్ మీదున్నాడు. కాళ్లు రెండూ నేలకి ఆనించి ఆపి, "ఇట్లానా?" అన్నాడు.

ఆడవాళ్లు ముగ్గుతో ఆగలేదు. "మీరు విమానాలంటారు, మాకు గుర్తున్నవి పోస్టింగులు" అని అత్తయ్య ఒక గంట తమకి కావాలంది. 1971 డిసెంబరులో జోధ్‌పూర్ క్వార్టర్స్‌లో కిటికీ అద్దాలకు బ్రౌన్ పేపర్ అంటించి, పసిపిల్లని ఒళ్లో పెట్టుకుని చీకట్లో కూచున్నావిడ ఈ గ్రూపులోనే ఉన్నారు. భోజనాలకు ముందు గంట వాళ్లకే ఇచ్చాం. మధ్యాహ్నం పెడితే భర్తల ఉపన్యాసాలు దాన్ని మింగేస్తాయి, అనుభవం మీద చెబుతున్నాను.

జనవరి చివర

లిఫ్టు సమస్య తేలింది: కాలేజీవాళ్లు ఇంజిన్‌నే స్టాండుతో సహా కింది వర్క్‌షాపుకి దించుతున్నారు, చెయిన్ పుల్లీతో. దించే రోజు మామయ్య అక్కడ ఉంటానని పట్టు. తాడు ఎక్కడ కట్టాలో వాళ్లకు తెలియదంటాడు.

క్రమం ఇలా కుదిరింది. పొద్దున మ్యూజియం, స్కూలు పిల్లల రద్దీ లేని వేళ చూసుకుని. అక్కణ్నుంచి కాలేజీ మైదానంలో ముగ్గు విమానాలు, షామియానా కింద ఆడవాళ్ల గంట, ఆపైన బడాఖానా. ఎయిర్‌ఫోర్స్‌లో పెద్ద విందుకి ఆ పేరే, మెనూలో మాత్రం రాగిసంగటి ఉండాలని అనంతపురంవాళ్లు, పులస లేని విందేమిటని గోదావరివాళ్లు. ఫిబ్రవరిలో పులస ఎక్కడిది! సంగటి, నాటుకోడి పులుసు, శాకాహారులకు గుత్తొంకాయ. అయిపోయింది. మధ్యాహ్నమంతా ఓర్ఫియస్ దగ్గర.

మైకులు రెండు సరిపోవు, నాలుగు చెప్పాను. స్పీకర్లు హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నవాళ్ల వెనక కాకుండా ముందుండాలి, లేకపోతే కీచుమంటాయి. బస్సు మెట్టు ఎత్తు తక్కువ ఉండాలి. ట్రావెల్స్‌వాడు ఫొటో పంపాడు, చాలదు, ప్లాస్టిక్ స్టూలు మనమే పట్టుకెళ్లాలి. కాచిగూడనుంచి రైల్లో వచ్చే కిరణ్ బ్యాచ్‌కి తెల్లారి స్టేషన్‌కి మనిషి కావాలి. రాజమహేంద్రవరం పెద్దాయన ప్రయాణం చేయలేరని వాళ్లబ్బాయి చెప్పాడు. ఆయన ప్యాకెట్ సంగతులు వీడియో కాల్‌లో, ఫోన్‌ని స్పీకర్లకి కలిపి.

కాలేజీ గేటు పాసులకి అందరి ఆధార్ కాపీలు అడిగారు. సగంమందివి వచ్చాయి. మిగతావాళ్లకు రేపు మామయ్యే ఫోన్ చేస్తాడు. నేను చేస్తే "చూద్దాంలే బాబూ" అంటున్నారు. ఆయన చేస్తే ఇప్పటికీ "సార్" అని లేచి వెతుకుతారు.